మార్చురీ గేటు దగ్గర కుదిరిన రేటు పరిహారం కాదు

చీమకుర్తి వైపు ఏ క్వారీలోనైనా మనిషి చనిపోయాడంటే, ఆ సాయంత్రానికల్లా ఒంగోలులో మార్చురీ గేటు దగ్గర రెండు గుంపులు కనిపిస్తాయి. ఒకదాంట్లో చనిపోయినతని భార్య, అమ్మానాన్నలు, ఊరి జనం. ఇంకోదాంట్లో యజమాని తరఫు మనుషులు, మేస్త్రీ, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. ఒకాయన అటూ ఇటూ తిరుగుతూ మాట మోస్తుంటాడు. రెండు లక్షల దగ్గర మొదలైన బేరం నాలుగు దగ్గరో ఐదు దగ్గరో ఆగుతుంది. తెల్ల కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి ఆమె చేత వేలిముద్ర వేయిస్తారు. "ఇకమీదట మాకు ఎలాంటి క్లెయిమూ లేదు" అనేది చివరి వాక్యం.

నేను ఒంగోలులో ఒక లాయరు గారి దగ్గర చాలా ఏళ్లుగా గుమస్తా పని చేస్తున్నాను. ఆ కాగితం జిరాక్సు పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కిన ఆడవాళ్లను చూశాను. దాదాపు అందరూ అడిగేది ఒకటే. "ఏలిముద్ర ఏసేశాం గదా సార్, ఇంకేమన్నా వస్తాదా?"

వస్తుంది. ఆ కాగితానికి చట్టం దగ్గర విలువ లేదు. ఈ ఒక్క మాట మన ఒంగోలు, నెల్లూరు వైపు రాయి కొట్టే వాళ్లకీ, రొయ్యల గుంటల మీద కాపలా ఉండే వాళ్లకీ, రైస్ మిల్లు హమాలీలకీ తెలిస్తే చాలన్నది నా కోరిక. మిగతాదంతా, అంటే ఎంత వస్తుంది, ఎవరిస్తారు, ఏ దారిన వస్తుంది అన్నది, ఓపిగ్గా చూస్తే అర్థమయ్యే లెక్కే.

ముందు తేల్చుకోవాల్సింది: ఈఎస్ఐ ఉందా, లేదా?

పనిలో దెబ్బ తగిలితే డబ్బు రెండు దారుల్లో ఏదో ఒకదాని గుండా వస్తుంది. ఒకటి ఈఎస్ఐ, అంటే చందా కట్టి నడిపే ఉద్యోగుల రాజ్య బీమా. రెండోది 1923 నాటి పరిహార చట్టం. మొదట్లో దాన్ని వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం అనేవారు. 2010 నుంచి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం అయింది. కోర్టు ఆవరణలో ఇప్పటికీ "డబ్ల్యూసీ కేసు" అనే అంటారు. ఒక దారి ఉన్నవాళ్లకు రెండోది మూసుకుపోతుంది. ఈఎస్ఐ కింద ఉన్న కార్మికుడు అదే దెబ్బకు పరిహార చట్టం కింద యజమాని మీద దావా వేయలేడు.

మన దగ్గర ఈ గీత ఎక్కడ పడుతుందో చూడండి. గెలాక్సీ గ్రానైట్ రాయిని చీమకుర్తి క్వారీలో తవ్వుతారు. గని అనేది 1948 నాటి ఈఎస్ఐ చట్టంలో ఫ్యాక్టరీ నిర్వచనం కిందికి రాదు. కాబట్టి ఆ చట్టం నడిచినన్నాళ్లూ, అంటే 2025 నవంబరు 21కి ముందు, అక్కడ దెబ్బ తగిలిన మనిషిది పరిహార చట్టం దారి. అదే రాయి లారీ ఎక్కి, కోత కోసి నునుపు పెట్టే పాలిషింగ్ ఫ్యాక్టరీకి వస్తుంది. అక్కడ పదిమంది లేదా అంతకు మించి పనిచేస్తూ, జీతం నెలకు 21 వేలు దాటకపోతే ఈఎస్ఐ వర్తిస్తుంది. రాయి ఒకటే, అది మీద పడితే విరిగే కాలూ ఒకటే. డబ్బు వచ్చే దారి మాత్రం వేరు.

ఈఎస్ఐ ఉన్నవాళ్లు కొంత అదృష్టవంతులు. వైద్యం ఈఎస్ఐ చూసుకుంటుంది. దెబ్బ తగిలి పనికి పోలేని రోజులకు సగటు రోజు కూలిలో 90 శాతం ఇస్తారు, మళ్లీ పనికి పోగలిగే దాకా ఇస్తారు. శాశ్వతంగా అవిటితనం మిగిలితే మెడికల్ బోర్డు ఇన్ని శాతం అని తేలుస్తుంది. దాని ప్రకారం నెలనెలా డబ్బు జీవితాంతం వస్తుంది. మనిషి చనిపోతే అదే 90 శాతం లెక్కన కుటుంబానికి పెన్షన్. అందులో భార్యకు అయిదింట మూడు వంతులు, ఒక్కో బిడ్డకు అయిదింట రెండు వంతులు. ఇద్దరు పిల్లలుంటే మొత్తం ఒకటిని దాటిపోతుంది కాబట్టి అదే నిష్పత్తిలో తగ్గించి పంచుతారు. ఆమెకు ఏడింట మూడు, పిల్లలకు చెరి రెండు.

చాలామంది భయపడే విషయం ఇంకొకటుంది. "నేను చేరి వారమే అయింది, కార్డు కూడా రాలేదు" అంటారు. జబ్బు చేస్తే ఇన్ని రోజుల చందా కట్టి ఉండాలనే షరతు ఉంది కానీ, పనిలో దెబ్బకు ఆ షరతు లేదు. యజమాని చందా ఎగ్గొట్టినా ఈఎస్ఐ సంస్థ కార్మికుడికి ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ డబ్బు యజమాని దగ్గర వసూలు చేసుకునే వీలు చట్టంలో ఉంది. కార్మికుడు చూసుకోవాల్సిందల్లా ప్రమాదం సంగతి యాక్సిడెంట్ రిజిస్టర్లో ఎక్కిందా, ఈఎస్ఐకి రిపోర్టు పోయిందా అన్నదే.

ఈఎస్ఐ లేనివాళ్ల లెక్క

ఇక్కడి నుంచి పరిహార చట్టం. ముందుగా ఒక మాట. 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాయి. 1923 చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. జీతంలో ఇంత శాతాన్ని వయసును బట్టి ఉండే అంకెతో హెచ్చవేసే పద్ధతిని కొత్త కోడ్ కూడా ఉంచింది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాల కేసులు మాత్రం పాత చట్టం లెక్కతోనే నడుస్తాయి. మా బీరువాలో ఉన్న ఫైళ్లన్నీ అవే. కింద చెప్పే అంకెలు, సెక్షన్లు ఆ చట్టానివి.

మనిషి చనిపోతే, నెల జీతంలో సగాన్ని వయసు అంకెతో హెచ్చవేయాలి. పూర్తిగా ఏ పనీ చేయలేని స్థితికి వస్తే జీతంలో 60 శాతంతో హెచ్చవేయాలి. ఎంత తక్కువ వచ్చినా మొదటిదానికి 1,20,000, రెండోదానికి 1,40,000 రూపాయలకు తగ్గకూడదు. వయసు అంకెలు చట్టం చివర నాలుగో షెడ్యూల్లో ఉంటాయి. 25 ఏళ్లకు 216.91, 30 ఏళ్లకు 207.98, 40 ఏళ్లకు 184.17, 50 ఏళ్లకు 153.09. వయసు పెరిగే కొద్దీ అంకె తగ్గుతుంది, ముందు సంపాదించగలిగిన ఏళ్లు తక్కువ కాబట్టి. జీతం ఎంత ఉన్నా లెక్కకు 15 వేలే తీసుకుంటారు. ఈ పరిమితి 2020 జనవరి 3 నుంచి ఉంది, అంతకు ముందు 8 వేలు. నెలకు 25 వేలు సంపాదించే డ్రిల్లర్‌కు ఇది అన్యాయమే, ఆ మాట గట్టిగానే చెప్పాలి. అయినా ఆ తక్కువ లెక్క ప్రకారం చూసుకున్నా, 30 ఏళ్ల మనిషి చనిపోతే 7,500ను 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. మార్చురీ గేటు దగ్గర నాలుగు లక్షలకు తలూపిన ఇంటికి చట్టం ఇవ్వమన్నది ఇదీ.

వైద్యానికి అయిన అసలు ఖర్చు దీనికి అదనం. అది యజమాని భరించాలి, పరిహారంలో కోసుకోకూడదు. అంత్యక్రియలకు 5 వేలకు తగ్గకుండా ఇవ్వాలి.

వేలో చెయ్యో పోయినప్పుడు మొదటి షెడ్యూల్ చూడాలి. అందులో ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత శాతం పోయినట్టో రాసి ఉంటుంది. బొటనవేలికి 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలికి 12. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. పాలిషింగ్ మిషన్లో, గానుగ బెల్టులో, పొగాకు బేళ్లు కట్టే చోట పోయేవి ఎక్కువగా వేళ్లే. 40 ఏళ్ల మనిషికి 15 వేల జీతం మీద పూర్తి అవిటితనం మొత్తం 16,57,530. బొటనవేలు పోతే అందులో 30 శాతం, అంటే 4,97,259 రూపాయలు. ఆసుపత్రి బిల్లు కట్టి, చేతిలో ఇరవై వేలు పెట్టి, "బాగయ్యాక మళ్లీ పనికి రా, చూసుకుంటాం" అనడంతో ఈ లెక్క తీరిపోదు.

షెడ్యూల్లో లేని దెబ్బలుంటాయి. నడుము విరుగుతుంది, భుజం ఎత్తలేరు, కాలు వంకరగా అతుక్కుంటుంది. అప్పుడు డాక్టరు అంచనా వేయాలి. ఇక్కడ మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. సదరం సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చి, అందులో 40 శాతం ఉంది కాబట్టి పరిహారం 40 శాతమేనని అనుకుంటారు. సదరం చెప్పేది శరీరం ఎంత అవిటిదైందో. పరిహార చట్టం అడిగేది ఆ మనిషి చేసే పనికి సంపాదన ఎంత పోయిందో. ఈ తేడాను సుప్రీంకోర్టు 1975లోనే తేల్చింది. ఒడిశాలో ఒక వడ్రంగి సినిమా హాల్లో పని చేస్తూ పడిపోయి ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది. షెడ్యూల్ ప్రకారం అది కొంత శాతమే. కానీ ఒంటి చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతని సంపాదన నూటికి నూరు శాతం పోయినట్టేనని కోర్టు ఒప్పుకుంది. యాభై ఏళ్ల కిందటి ఆ తీర్పును మా లాయరు గారు ఇప్పటికీ వాదనలో చదివి వినిపిస్తారు. రాయి చెక్కేవాడికి కుడిచేతి పట్టు పోతే అతనికి మిగిలేదేమిటి? డాక్టరు సర్టిఫికెట్లో "ఈ పని ఇక చేయలేడు" అన్న మాట రాయించుకోవడం అందుకే ముఖ్యం.

కొన్నాళ్లకు నయమయ్యే దెబ్బ అయితే, నెలకు రెండు విడతలుగా ఒక్కో విడతకు జీతంలో 25 శాతం, అంటే మొత్తం మీద సగం జీతం, అయిదేళ్ల దాకా. మూడు రోజుల్లో నయమైపోయే దెబ్బకు ఏమీ రాదు. 28 రోజులు లేదా అంతకు మించి పనికి పోలేకపోతే మొదటి రోజు నుంచే లెక్క కడతారు. ఈఎస్ఐలో 90 శాతం, ఇక్కడ సగం. ఈఎస్ఐ ఉన్నవాళ్లను అదృష్టవంతులు అన్నది ఇందుకే.

ఆమె కేసు

పొదిలి పక్క పల్లె ఆమె. భర్త క్వారీలో డ్రెస్సింగ్, అంటే బండరాళ్లు చెక్కే పని చేసేవాడు. 2021లో బండరాయి జారి మీద పడి అక్కడికక్కడే పోయాడు. నాలుగు లక్షలకు కాగితం రాసిచ్చింది. 14 నెలల తర్వాత, పిల్లల ఫీజులకు డబ్బు అయిపోయాక, వాళ్ల తమ్ముడితో కలిసి వచ్చింది. దావా వేయడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి, చనిపోతే చనిపోయిన రోజు నుంచి రెండేళ్లు గడువు. ఆమె గడువులోనే ఉంది. అది దాటాక వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే మన్నించవచ్చు కానీ అది వేరే పోరాటం.

ఆ కాగితం ఎందుకు చెల్లదంటే, మనిషి చనిపోయిన కేసులో పరిహారం కుటుంబం చేతికి నేరుగా ఇవ్వడానికి యజమానికి వీల్లేదు. కార్మిక శాఖ అధికారి కమిషనర్ హోదాలో కూర్చుంటారు. ఆయన దగ్గర డిపాజిట్ చేయాలి. అలా చేయకుండా నేరుగా ఇచ్చింది పరిహారం ఇచ్చినట్టు లెక్కలోకి రాదని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. మూడు నెలల జీతం దాకా అడ్వాన్సుగా ఇచ్చి ఉంటే దాన్ని మాత్రం తర్వాత తగ్గించుకోవచ్చు. హక్కు వదులుకుంటున్నానని ముందుగా రాయించుకున్న ఏ ఒప్పందమైనా 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

ఇది చట్టంలో నాకు బాగా నచ్చిన భాగం. వందేళ్ల కిందట రాసిన వాళ్లకు కూడా తెలుసు, శవం ముందు కూర్చున్న మనిషి బేరం ఆడలేదని. అందుకే ఆ బేరాన్నే అక్కడి నుంచి తీసేసి ఆఫీసులోకి తెచ్చారు.

బతికున్న కార్మికుడి విషయంలోనూ ఇలాంటి రక్షణ ఉంది. వేలు పోయినందుకు ఏకమొత్తంగా ఒప్పందం చేసుకుంటే ఆ ఒప్పందాన్ని కమిషనర్ దగ్గర రిజిస్టర్ చేయాలి. మొత్తం మరీ తక్కువగా ఉందనో, మోసం జరిగిందనో అనిపిస్తే ఆయన నిరాకరించవచ్చు. ఒప్పందాన్ని ఆయన ముందు పెట్టనే పెట్టకపోతే, యజమాని చట్టం ప్రకారం పూర్తి పరిహారం కట్టాల్సిందే. పైగా అంతకు ముందు ఇచ్చినదాంట్లో, కమిషనర్ వేరేలా చెప్తే తప్ప, సగానికి మించి తగ్గించుకోలేడు.

పొదిలి ఆమె దగ్గర పంచాయితీ కాగితం, ఎఫ్ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు తప్ప ఏమీ లేవు. జీతం చీటీ లేదు, మస్టర్లో, అంటే హాజరు పట్టీలో పేరు లేదు. యజమాని కౌంటర్లో, అంటే దావాకు రాసిచ్చిన జవాబులో, "అతను మా కార్మికుడే కాదు, మేస్త్రీ మనిషి" అన్నాడు. ఈ మాటకు 12వ సెక్షన్ జవాబు చెప్పింది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చినా, అసలు యజమాని పరిహారం కట్టాలి. తర్వాత కావాలంటే కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. అది వాళ్లిద్దరి సంగతి. వితంతువు వాళ్ల మధ్య తిరగనక్కరలేదు.

జీతం ఎలా రుజువు చేయాలి? "ఎలా ఇచ్చేవాళ్లమ్మా?" అని అడిగితే "ఫోన్లో ఏసేవాళ్లు సార్" అంది. అతని ఫోన్ ఆమె దగ్గరే ఉంది. నెలనెలా మేస్త్రీ నంబరు నుంచి పడిన ఫోన్‌పే డబ్బు అందులో ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించాం. నెలకు సుమారు 18 వేలు. లెక్కకు 15 వేలే అయినా, అతను అక్కడ పని చేశాడన్నది దానితో తేలిపోయింది. చనిపోయినవాళ్ల ఫోన్ సిమ్ తీసి పారేయకండి, రీచార్జి చేయించి ఉంచండి.

వయసు దగ్గర ఇంకో చిక్కు. ఆధార్‌లో అతని వయసు 45. అంతకు పదేళ్లు చిన్నవాడని తల్లి చెప్పింది. చదివిన స్కూలు రికార్డులో పుట్టిన తేదీ దొరికింది, అప్పటికి 35 ఏళ్లు. 45 ఏళ్ల అంకె 169.44 తీసుకుంటే 12,70,800 వస్తుంది. 35కు 197.06, అంటే 14,77,950. స్కూలు హెడ్మాస్టరు ఇచ్చిన ఒక కాగితం విలువ 2,07,150 రూపాయలు.

ఇంకోటి, ఆసుపత్రి చీటీ. ఆమె కేసులో ఈ బాధ రాలేదు కానీ చాలా కేసులు ఇక్కడే పోతాయి. దెబ్బ తగిలిన మనిషిని తీసుకొచ్చిన సూపర్‌వైజరు "బండి మీద నుంచి పడ్డాడు" అనో "బాత్రూంలో జారాడు" అనో రాయిస్తాడు. పోలీసు కేసు ఎందుకని నచ్చజెబుతాడు. ఆ ఒక్క వాక్యం రెండేళ్ల తర్వాత ఎదురు తిరుగుతుంది. ఒంగోలులోనైనా నెల్లూరు పెద్దాసుపత్రిలోనైనా, డ్యూటీ డాక్టరుకు మొదట చెప్పేటప్పుడే ఏ చోట, ఏ పని చేస్తుండగా, ఎన్ని గంటలకు అన్నది చెప్పి రాయించండి. ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమనండి.

"హెల్మెట్ పెట్టుకోలేదు, తప్పు అతనిదే" అనే మాట కూడా కౌంటర్లలో తరచూ కనిపిస్తుంది. మామూలు అజాగ్రత్త ఈ చట్టంలో పరిహారాన్ని ఆపదు. తాగి ఉండటం, భద్రత నియమాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం మాత్రమే అడ్డు. అవి కూడా మనిషి చనిపోయినప్పుడూ పూర్తి అవిటివాడైనప్పుడూ అడ్డు కావు.

గుంటల మీద, రోడ్ల మీద, ఊపిరితిత్తుల్లో

నెల్లూరు తీరంలో ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద రాత్రిళ్లు ఏరియేటర్ల (నీళ్లలోకి గాలి పట్టించే మిషన్ల) దగ్గర కరెంటు కొట్టి చనిపోయేవాళ్లున్నారు. "అది వ్యవసాయం, దానికి ఏ చట్టమూ లేదు" అని కొట్టిపారేస్తారు. యంత్రంతోనో కరెంటుతోనో నడిచే పరికరాలతో చేసే సేద్యం పరిహార చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. దావా ఆ పద్దు మీద నిలబడుతుంది. గుంట ఒకరిది, లీజు ఇంకొకరిది అయితే, పనిలో పెట్టుకుని కూలి ఇచ్చింది ఎవరన్నది చూడాలి. అప్పుడప్పుడూ వచ్చే కూలీ అన్న సాకు కూడా 2000 సవరణతో పోయింది.

పనికి వెళ్తూ దారిలో ప్రమాదం జరిగితే? ఈఎస్ఐ చట్టంలో 2010 నుంచి అది పనిలో ప్రమాదంగానే లెక్క. పరిహార చట్టంలో ఆ మాట లేకపోవడంతో చాలా కుటుంబాలు నష్టపోయాయి. 2025 జులైలో సుప్రీంకోర్టు, తెల్లవారుజాము డ్యూటీకి బండి మీద వెళ్తూ చనిపోయిన ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ కుటుంబం కేసులో, పనికీ ఆ ప్రయాణానికీ సంబంధం కనబడితే పరిహార చట్టం కిందా ఇవ్వాల్సిందేనని చెప్పింది. కొత్త కోడ్ ఆ విషయాన్ని చట్టంలోనే రాసేసింది. లారీ, ట్రాక్టరు డ్రైవర్లకు మోటారు వాహనాల చట్టం కింద కూడా దారి ఉంటుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. తొందరపడి ఒకదాంట్లో వేసేముందు లాయరు చేత రెండు లెక్కలూ కట్టించి చూసుకోండి.

మార్కాపురం పలకల గనుల్లో, గూడూరు వైపు మైకా, క్వార్ట్జ్ పనుల్లో దుమ్ము పీల్చినవాళ్లకు వచ్చే సిలికోసిస్ కూడా ఈ చట్టం దృష్టిలో పనిలో తగిలిన దెబ్బే. మూడో షెడ్యూల్లో ఉంది. కానీ రక్తం ఓడదు, ఒక తేదీ ఉండదు. దగ్గు వస్తుంది, టీబీ అని మందులు వాడతారు, తగ్గదు, ఊరికి వెళ్లిపోతారు. ఎక్స్‌రే చూపించి "నేను ఇన్నేళ్లు రాతి దుమ్ములో పనిచేశాను" అని డాక్టరుకు చెప్పి కేస్‌షీట్‌లో రాయించుకుంటే తప్ప ఆ జబ్బుకు పేరే రాదు. పేరు రాకపోతే పరిహారం రాదు. మా బీరువాలో ఇలాంటి ఫైళ్లు రెండే రెండున్నాయి. జబ్బుపడ్డవాళ్లు ఇద్దరే అని మాత్రం నేను నమ్మను.

ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చి చీమకుర్తిలో చేసేవాళ్లు శవంతో పాటు రైలెక్కి వెళ్లిపోతారు. దావా కోసం వాళ్లు మళ్లీ ఒంగోలు రానక్కరలేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, కుటుంబం ఉంటున్న చోట కూడా వేయవచ్చు.

డబ్బు చేతికి ఎలా వస్తుంది

పరిహారం ప్రమాదం జరిగిన రోజునే బాకీ పడుతుంది. నెలలోపు కట్టకపోతే 12 శాతం సాదా వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే, కమిషనర్ అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు. యజమానికి బీమా పాలసీ ఉంటే అసలూ వడ్డీ బీమా కంపెనీ కడుతుంది. జరిమానా మాత్రం యజమాని జేబులోంచే పోవాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. పొదిలి ఆమె కేసులో పాలసీ ఉంది. మార్చురీ గేటు దగ్గర అంతసేపు బేరం జరిగినా ఆ సంగతి ఎవరూ ఆమెతో అనలేదు. నెలలోపు బీమా కంపెనీకి రాసి ఉంటే యజమాని తన డబ్బు నాలుగు లక్షలు తీయాల్సిన పనే ఉండేది కాదు.

ప్రమాదం జరిగిన రెండున్నరేళ్లకు ఆర్డరు వచ్చింది. అసలు 14,77,950, వడ్డీ 4,43,385, కలిపి 19,21,335 రూపాయలు. యజమాని వైపు అప్పీలుకు వెళ్లాలంటే 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లాలి. ముందు ఆ మొత్తం కమిషనర్ దగ్గర కట్టి, కట్టినట్టు సర్టిఫికెట్ జత చేయాలి. కట్టకుండా మొండికేస్తే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు.

డిపాజిట్ పడ్డాక కమిషనర్ వారసులను పిలిచి పంచుతారు. భార్య, మైనరు కొడుకు, పెళ్లికాని కూతురు, వితంతువైన తల్లి ఈ వరసలో ఉంటారు. తండ్రి అయితే కొడుకు సంపాదన మీద ఆధారపడ్డట్టు చూపించాలి. ఎవరికి ఎంత అన్నది ఆయన నిర్ణయం. అందుకే తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లో ఒక్క పేరు తప్పినా నెలలు పోతాయి. ఈ డబ్బును అప్పులవాళ్లు జప్తు చేయించలేరు, వేరేవాళ్ల పేరు మీదికి రాయించుకోలేరు. ఊళ్లో వడ్డీ వ్యాపారి ఆఫీసు బయట కాచుకుని ఉన్నా భయపడక్కరలేదు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటే దాని రెండు లక్షలు వేరుగా తీసుకోవచ్చు. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతాలో కట్ అవుతుందో లేదో పాస్‌బుక్‌లో చూసుకోండి.

లాయరుకు ఇచ్చుకోలేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు ఉచితంగా లాయరును పెడతారు. ఫోన్ నంబరు 15100.

పొదిలి ఆమెకు తన వాటా ఖాతాలో పడింది. అత్తగారి వాటా అత్తగారికి. కూతురికీ కొడుక్కీ వచ్చినవి 18 ఏళ్లు నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్. పోయిన నెల మళ్లీ వచ్చింది. కూతురు పదో తరగతిలోకి వచ్చింది, హాస్టలు ఫీజు కట్టాలి, ఆ డిపాజిట్ మీద వడ్డీ తీసుకోవచ్చా అని అడిగింది. తీసుకోవచ్చు, కమిషనర్ అనుమతి కావాలి. స్కూలు ఫీజు రసీదు, పిల్ల స్టడీ సర్టిఫికెట్ తెమ్మన్నాను. తెచ్చింది. పిటిషన్ టైపింగ్‌లో ఉంది, సోమవారం వేస్తాం.